గోర్లిట్స్: నది మధ్యలో సరిహద్దు, ఊరి నిండా రైళ్లు

పట్టాల_పిచ్చి:
అందరికీ నమస్కారం. ఐరోపా రైళ్లంటే మన వేదికలో స్విట్జర్లాండ్ కొండ రైళ్లు తప్ప ఇంకేమీ రావట్లేదని మొన్న ఎవరో విసుక్కున్నారు. ఆ కొరత తీరుద్దామని ఈ థ్రెడ్.

ఊరి పేరు గోర్లిట్స్. జర్మనీకి తూర్పు కొస. దీనికి తూర్పున ఇంకో జర్మన్ పట్టణం లేదు. జనాభా 56 వేల చిల్లర, అంటే మన లెక్కలో ఓ మాదిరి మున్సిపాలిటీ. ఊరి మధ్యలో నైసె నది. 1945 దాకా నదికి రెండు వైపులా ఒకటే ఊరు. యుద్ధం అయ్యాక నదినే సరిహద్దు చేశారు. తూర్పు ఒడ్డున ఉన్న పేటలు పోలండ్‌కి పోయి జ్గోజెలెట్స్ అనే వేరే ఊరు అయ్యాయి. అక్కడ ఇప్పుడు ముప్పై వేల మంది దాకా ఉంటారు.

నాకు ఈ ఊరి మీద మోజు పుట్టింది ఊరికి దక్షిణాన నది మీద ఉన్న వయాడక్ట్ (లోయ దాటే ఎత్తైన రైలు వంతెన) చూసి. 1844లో మొదలుపెట్టి 1847లో పూర్తి చేశారు. 475 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు, ముప్పైకి పైగా రాతి కమానులు. 1847 సెప్టెంబర్ 1న డ్రెస్డెన్ నుంచి వచ్చే లైనూ, అవతలి వైపు నుంచి బెర్లిన్–బ్రెస్లావ్ (ఇప్పటి పోలండ్ వ్రోత్స్‌వావ్) లైనుకి కలిపే శాఖా ఒకే రోజు తెరిచారు. డ్రెస్డెన్ సాక్సనీ రాజ్యంలోది, గోర్లిట్స్ అప్పటికి ప్రష్యాలోది. అంటే అప్పుడు కూడా ఇది సరిహద్దు స్టేషనే, కాకపోతే సరిహద్దు పడమటి వైపు ఉండేది.

తెలిసినవాళ్లు తలా ఒక చెయ్యి వేయండి.

డీజిల్_బాబాయ్:
మంచి ఊరు పట్టావు తమ్ముడూ. యుద్ధం చివర్లో ఆ వయాడక్ట్‌ని పేల్చేశారు, అదీ శత్రువులు కాదు, జర్మన్ సైన్యమే. వెనక్కి పోతూ పోతూ ఊళ్లోని వంతెనలన్నీ కూల్చేశారు. తేదీ 1945 మే 7. అదే రోజు తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని రైమ్స్‌లో లొంగుబాటు పత్రం మీద జర్మన్ సేనాధిపతి సంతకం పెట్టేశాడు. యుద్ధం అయిపోయిన రోజున వంద ఏళ్ల వంతెన కూల్చడం ఏం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మళ్లీ కట్టి రైళ్లు నడిపేసరికి 1957 వచ్చింది.

ఊరు మాత్రం బాంబులు పెద్దగా పడక బతికిపోయింది. అందుకే పాత భవనాలు నాలుగు వేల దాకా మిగిలాయి.

తీగ_కింద_ఇంజన్:
కరెంటు సంగతి ఎవరూ చెప్పకముందే నేను చెప్పేస్తా, అది నా సబ్జెక్టు.

గోర్లిట్స్ నుంచి తూర్పున లౌబన్ (ఇప్పటి పోలండ్ లుబాన్) వరకు 1923లోనే విద్యుత్ రైళ్లు నడిచాయి. సైలీషియా (ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉన్న ప్రాంతం) కొండ లైన్లకి 15 వేల వోల్టుల ఏసీ కరెంటు పెట్టిన రోజులవి. అంటే ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ ఇంజన్ కూత వినపడి నూరేళ్లు దాటింది. మరి ఇవాళ స్టేషన్‌కి వెళ్లి తలెత్తి చూడండి. తీగ లేదు. అన్నీ డీజిల్ బండ్లే.

1945 తర్వాత సోవియట్ వాళ్లు యుద్ధ నష్టపరిహారం కింద సైలీషియాలోని తీగలు, స్తంభాలు, ఇంజన్లు అన్నీ ఊడబీకి పట్టుకుపోయారు. ఆ తర్వాత జర్మనీ వైపు ఎవరూ మళ్లీ పట్టించుకోలేదు. పోలండ్ వాళ్లేమో తమ పద్ధతిలో 3 వేల వోల్టుల డీసీ తీగ లాక్కుంటూ వచ్చి 2019లో జ్గోజెలెట్స్ స్టేషన్ దాకా తెచ్చారు. గోర్లిట్స్ స్టేషన్‌కి అక్కడి నుంచి వయాడక్ట్ దాటితే చాలు. కానీ వోల్టేజి వేరు, దేశం వేరు, బడ్జెట్ వేరు. డ్రెస్డెన్–గోర్లిట్స్ లైనుకి విద్యుదీకరణ చేయాలని ఎన్నో ఏళ్లుగా మాటలు నడుస్తున్నాయి, మాటలే.

మన దగ్గర బ్రాంచి లైన్లకి కూడా తీగ పడిపోయింది, జర్మనీలో ఒక పెద్ద అంతర్జాతీయ దారికి పడలేదు. ఇది చెప్తే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు.

సిట్టావ్_స్టూడెంట్:
నేను ఇక్కడే పక్క ఊరు సిట్టావ్‌లో చదువుతున్నా. గోర్లిట్స్‌కి వారం వారం వెళ్లాల్సి వస్తుంది. మీరంతా వయాడక్ట్ దగ్గరే ఆగిపోయారు, అసలు మజా సిట్టావ్ లైనులో ఉంది.

ఈ లైను 1875లో నైసె లోయ వెంట వేశారు. అప్పుడు రెండు ఒడ్లూ జర్మనీవే కాబట్టి ఎక్కడ చదును ఉంటే అక్కడ నది దాటించి పట్టాలు వేసుకుపోయారు. 1945లో నది సరిహద్దు అయ్యేసరికి లైను ఒక ముక్క జర్మనీలో, ఒక ముక్క పోలండ్‌లో, మళ్లీ జర్మనీలో పడింది. నడిపేది జర్మన్ కంపెనీ, ఎక్కేది ఎక్కువగా జర్మన్లు, మధ్యలో కొంతసేపు పోలండ్.

దారిలో ఓస్ట్రిట్స్ అని చిన్న జర్మన్ ఊరు. ఊరు పడమటి ఒడ్డున ఉంది, స్టేషనేమో తూర్పు ఒడ్డున ఉండిపోయింది. కాబట్టి ఓస్ట్రిట్స్ వాళ్ల స్టేషన్ పోలండ్‌లో ఉంది! బోర్డు మీద క్షెవీనా జ్గోజెలెట్స్కా అని పోలిష్ పేరు ఉంటుంది. బండి దిగి చిన్న వంతెన మీద నది దాటితే జర్మనీలో ఇల్లు. మొదటిసారి ఎక్కినప్పుడు నా ఫోన్‌కి "పోలండ్‌కి స్వాగతం" మెసేజ్, పది నిమిషాలకి "జర్మనీకి స్వాగతం" మెసేజ్. మళ్లీ వచ్చేటప్పుడు అదే తంతు. పక్క సీట్లో బామ్మ నా మొహం చూసి నవ్వింది, ఆవిడకి రోజూ అలవాటే కదా.

పోలండ్ 2007 డిసెంబర్‌లో షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల కూటమి) చేరిన దగ్గర్నుంచి ఇది మామూలు విషయమైపోయింది. అంతకుముందు సరిహద్దు కాపలా వాళ్ల కళ్ల ముందు ఆ వంతెన దాటాల్సి వచ్చేది.

కాకినాడ_కాజా:
ఆగండాగండి. స్టేషన్ వేరే దేశంలో ఉంటే టికెట్ ఏ దేశానిది కొనాలి?

సిట్టావ్_స్టూడెంట్:
@కాకినాడ_కాజా జర్మన్ టికెట్టే అండి. ఓస్ట్రిట్స్ వాళ్లకి అది సొంత స్టేషనే. కాకపోతే దిగి పోలండ్ వైపు తిరగాలనుకుంటే పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ జేబులో ఉంచుకోండి. ఈమధ్య సరిహద్దు తనిఖీలు మళ్లీ పెట్టారు, మనలాంటి వాళ్లని ముందు అడుగుతారు. టెన్షన్ ఏమీ లేదు, కార్డు చూపిస్తే వదిలేస్తారు.

ఓస్ట్రిట్స్‌లో దిగితే ఊరి దక్షిణాన నది పక్కనే సాంక్ట్ మరియెంటాల్ అనే క్రైస్తవ సన్యాసినుల మఠం చూడండి. 1234లో పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. 2010 ఆగస్టులో నైసెకి వరద వస్తే లోపలంతా బురదే.

పట్టాల_పిచ్చి:
ఇదే నాకు కావాల్సింది. గీత గీసినవాళ్లు మ్యాపు మీద నదిని చూసి గీసేశారు, పట్టాలు ఎటు పోతున్నాయో చూడలేదు.

ఆ గీతని తూర్పు జర్మనీ 1950 జూలై 6న ఒప్పుకుంటూ సంతకం పెట్టింది కూడా జ్గోజెలెట్స్‌లోనే. ఒకప్పుడు గోర్లిట్స్‌వాళ్లు గుమ్మటం పెట్టి కట్టుకున్న స్మారక భవనంలో కూర్చుని ఆ సగం మాది కాదని రాసిచ్చారు.

కాకినాడ_కాజా:
ఇంతకీ ఈ ఊరికి మా ఊరితో చుట్టరికం ఉందని ఎవరైనా గమనించారా? గోర్లిట్స్ మీదుగా 15 డిగ్రీల తూర్పు రేఖాంశం పోతుంది. మధ్య ఐరోపా టైమ్ అంతా దాని లెక్కే. మన టైమ్ 82½ డిగ్రీల రేఖాంశం లెక్క, అది కాకినాడ మీదుగా పోతుందని స్కూల్లో బట్టీ పట్టాం. జర్మనీకి గోర్లిట్స్ ఎలాగో ఇండియాకి కాకినాడ అలాగ.

తీగ_కింద_ఇంజన్:
@కాకినాడ_కాజా మీ కాజా లాక్కోవాలని కాదు గానీ, ఆ గీత కాకినాడ ఊరి మీదుగా పోదు. ఊరికి తూర్పున సముద్రంలో ఉంటుంది. నేల మీద దాన్ని రైల్లో దాటాలంటే విశాఖ లైనులో అన్నవరానికీ తునికీ మధ్య. అన్నవరం రేఖకి పడమర, తుని తూర్పు.

కాకినాడ_కాజా:
పాఠ్యపుస్తకంలో కాకినాడ అనే ఉంది. తుని మా జిల్లాదే, కాబట్టి ఒప్పుకోను.

డీజిల్_బాబాయ్:
ఈ టైమ్ గొడవ కూడా రైళ్ల గొడవే, అది మర్చిపోకండి. 1890ల ముందు జర్మనీలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో గడియారం. ముసలి సేనాధిపతి మోల్ట్కె 1891 మార్చిలో పార్లమెంటులో లేచి, జర్మనీలో ఐదు రకాల టైములు నడుస్తున్నాయి, యుద్ధం వస్తే సైన్యాన్ని రైళ్లలో తరలించడం ఎలాగ అని వాదించాడు. అది అయిన కొద్ది వారాలకే పోయాడు. 1893 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ 15 డిగ్రీల టైమ్ చట్టం అయింది. గోర్లిట్స్ పార్కులో, స్టాట్‌హాల్ (ఊరి సభా భవనం) దగ్గర, ఆ రేఖాంశానికి గుర్తుగా ఒక రాయి ఉంది.

మన దగ్గర కూడా రైళ్లు చాలా ఏళ్లు మద్రాసు టైమ్ మీద నడిచాయి. ఇప్పటి భారత కాలమానం 1906 నుంచి.

మూడో_బెర్త్:
రైల్వే పరిజ్ఞానం నాకు తక్కువ, ఫుట్‌బాల్ అయితే అడగండి. జర్మనీ జట్టు ఆటగాడు మైకేల్ బల్లాక్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1976లో.

2002 ప్రపంచ కప్ గుర్తుందా? సెమీ ఫైనల్లో కొరియా మీద బల్లాక్ 71వ నిమిషంలో ఎల్లో కార్డు తిన్నాడు. అంటే గెలిచినా ఫైనల్ ఆడలేడు. ఆ సంగతి తెలిసి కూడా నాలుగు నిమిషాల తర్వాత గోల్ కొట్టి జట్టుని ఫైనల్‌కి పంపాడు. అలాంటి రాత్రి ఇంకే ఆటగాడికీ రాకూడదు.

సరే, ఫైనల్లో అతను లేని మిడ్‌ఫీల్డ్‌లో ఎవరు దిగారు? యెన్స్ యెరెమీస్. ఆయన కూడా గోర్లిట్స్‌లో పుట్టినవాడే, 1974లో! బ్రెజిల్ 2–0తో కొట్టేసింది అనుకోండి. అయినా ఇంత చిన్న ఊరి నుంచి ఒకడు బయట కూర్చుంటే ఇంకొకడు లోపల ఆడటం ఎక్కడైనా విన్నారా?

సిట్టావ్_స్టూడెంట్:
బల్లాక్‌ని గోర్లిట్స్ వాడు అనడం కొంచెం ఎక్కువేమో బ్రో. పసివాడిగా ఉన్నప్పుడే వాళ్ల కుటుంబం ఇప్పటి కెమ్నిట్స్‌కి వెళ్లిపోయింది. ఆట నేర్చుకున్నదంతా అక్కడే. యెరెమీస్ అయితే ఊరి క్లబ్ మోటార్ గోర్లిట్స్‌లో మొదలుపెట్టాడు. నా ఓటు యెరెమీస్‌కి.

పాత_పోస్టుకార్డు:
పుట్టినవాడా, పెరిగినవాడా అన్న లెక్క పెడితే గోర్లిట్స్‌లో ఎవరూ మిగలరు. అందరికన్నా పేరున్న యాకోబ్ బ్యోమె అక్కడ పుట్టనే లేదు. 1575లో దక్షిణాన ఓ పల్లెలో రైతు ఇంట్లో పుట్టాడు, ఆ పల్లె ఇప్పుడు పోలండ్‌లో ఉంది. గోర్లిట్స్ వచ్చి చెప్పులు కుట్టే దుకాణం పెట్టాడు. దేవుడు, మంచి, చెడు ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి అని రాత్రిళ్లు కూర్చుని రాశాడు. 1612 నాటి ఆ రాతప్రతి చేతులు మారి ఊరి పాస్టర్ గ్రెగోర్ రిక్టర్ దాకా వెళ్లింది. చెప్పులు కుట్టేవాడు దేవుడి గురించి రాయడమేంటని పాస్టర్ మండిపడ్డాడు. ఇక కలం పట్టొద్దని నగర మండలి ఆజ్ఞ వేసింది. కొన్నేళ్లు ఊరుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టాడు, ఈసారి ఆగలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత తత్త్వవేత్త హేగెల్ ఆయన్ని మొదటి జర్మన్ తత్త్వవేత్త అన్నాడు.

ఆయన మొదట కొన్న ఇల్లు నది తూర్పు ఒడ్డున, సమాధి పడమటి ఒడ్డున నికొలాయ్ శ్మశానంలో. అంటే ఇవాళ ఇల్లు పోలండ్‌లో, సమాధి జర్మనీలో.

ఇక నిజంగా ఊళ్లో పుట్టినవాళ్లు కావాలంటే 1902 సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏడాది జనవరిలో ఆర్థికవేత్త ఓస్కర్ మోర్గెన్‌స్టెర్న్ పుట్టాడు. పెరిగింది వియన్నాలో. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని మింగేసరికి అమెరికాలో ఉన్నాడు, ఇక తిరిగి రాలేదు. ప్రిన్స్‌టన్‌లో గణిత శాస్త్రవేత్త వాన్ నాయ్‌మన్‌తో కలిసి 1944లో రాసిన పుస్తకంతోనే గేమ్ థియరీ (పోటీలో ఎవరు ఏ ఎత్తు వేయాలో లెక్కగట్టే పద్ధతి) ఒక శాస్త్రంగా నిలబడింది. ఎకనామిక్స్ చదివిన ప్రతి ఒక్కరూ ఆ ఇద్దరి పేర్లు కలిపి వినే ఉంటారు.

అదే ఏడాది మే నెలలో వెర్నర్ ఫింక్. ఈయన హాస్య నటుడు, బెర్లిన్‌లో కాటకోంబె అనే చిన్న వేదిక నడిపేవాడు. నాజీల కాలంలో గూఢచారులు ప్రేక్షకుల్లో కూర్చుని ఆయన మాటలు రాసుకునేవారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, నా మాటల వెంట రాసుకుంటూ రాగలుగుతున్నారా, లేక నేనే మీ వెంట రావాలా అని అడిగేవాడట. 1935లో గోబెల్స్ ఆ వేదిక మూయించాడు, ఫింక్‌ని ఎస్టర్‌వేగెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడి నుంచి బతికి బయటపడి 1978 దాకా ఉన్నాడు.

మూడో_బెర్త్:
ఫింక్ సంగతి సూపర్. ఇలాంటివాళ్ల గురించి ఎవరూ చెప్పరు, ఎప్పుడూ బల్లాకే. నేను కూడా బల్లాకే చెప్పా అనుకోండి.

శ్రీసిటీ_షిఫ్ట్:
రెండు రోజులుగా చదువుతున్నా, ఫ్యాక్టరీ గురించి ఎవరూ మాట్లాడరేంటి? గోర్లిట్స్ అంటే వ్యాగన్ ఫ్యాక్టరీ కదా.

1849లో లూడర్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. గుర్రాల జీన్లు, బండ్లు చేసే పనివాడు, ఊరికి రైలు వచ్చాక రైలు పెట్టెలు చేయడానికి దిగాడు. ఆ కొట్టు పెరిగి పెరిగి ఎక్కడిదాకా వెళ్లిందంటే "ఫ్లయింగ్ హాంబర్గర్" తయారైంది అందులోనే. రెండు పెట్టెల డీజిల్ బండి. 1933 మే నుంచి బెర్లిన్–హాంబర్గ్ మధ్య 286 కిలోమీటర్లు 138 నిమిషాల్లో. గంటకి 160 దాకా లాగేది. 1933లో!

తర్వాత 1935 నుంచి డబుల్ డెక్కర్ పెట్టెలు. తూర్పు జర్మనీ కాలంలో పోలండ్, చెకొస్లొవేకియా, రొమేనియా, బల్గేరియా దేశాలకి డబుల్ డెక్కర్లు ఇక్కడి నుంచే వెళ్లాయి. 1963లో ఇంకో అందగత్తె వచ్చింది, ఊరి పేరే పెట్టుకున్న ఎస్‌వీటీ గోర్లిట్స్ అనే డీజిల్ ఎక్స్‌ప్రెస్ బండి. బెర్లిన్ నుంచి ప్రాగ్ మీదుగా వియన్నా వెళ్లే "విండోబోనా" కొన్నేళ్లు ఆ బండితోనే నడిచింది. ఆ గుండ్రటి ముక్కు ఫొటో ఒకసారి చూడండి, నా ఫోన్ వాల్‌పేపర్ అదే.

బెర్లిన్ గోడ కూలాక 1998లో బొంబార్డియర్ చేతికి, 2021లో ఆల్‌స్టామ్ చేతికి. మా తడ పక్కన శ్రీసిటీలో మెట్రో పెట్టెలు చేసే కంపెనీ కూడా ఆల్‌స్టామే. సిడ్నీ మెట్రో బండ్లు ఇక్కడి నుంచే ఓడ ఎక్కాయి. మన దగ్గర షెడ్లు పెరుగుతుంటే 175 ఏళ్ల గోర్లిట్స్ షెడ్లు మూసేయడం చూస్తే సంతోషించాలో బాధపడాలో తెలియట్లేదు.

తీగ_కింద_ఇంజన్:
మూసేయడం కాదు, చేతులు మారడం. 2025 ఫిబ్రవరిలో కేఎన్‌డీఎస్ అనే ఆయుధ కంపెనీ తీసుకుంటుందని ఒప్పందం అయింది. లెపర్డ్ ట్యాంకులకి, ప్యూమా వాహనాలకి భాగాలు చేస్తారు. అప్పటికి ఉన్న సుమారు 700 మందిలో దాదాపు సగం మందికి కొత్త కంపెనీలో పని ఇస్తామన్నారు. వెల్డింగ్ తెలిసినవాళ్లు ఇద్దరికీ కావాలి కదా.

శ్రీసిటీ_షిఫ్ట్:
ఉద్యోగం మిగిలినవాడికి మిగిలింది, నిజమే. కానీ రైలు పెట్టె చేసే చేత్తో ట్యాంకు చేయమంటే నాకైతే మనసొప్పదు. సరిహద్దు కొట్టిన దెబ్బ అంతలా తిన్న ఊరికి చివరికి దొరికింది ఆ పనా?

డీజిల్_బాబాయ్:
ఇంట్లో కూర్చుని అనడం తేలిక నాయనా. 1990 తర్వాత ఆ ఊళ్లో వేల మంది తగ్గిపోయారు. కుర్రాళ్లంతా పశ్చిమానికి వలస. పని ఉంటేనే ఊరు ఉంటుంది. ఉన్న నైపుణ్యం చెదిరిపోకుండా నిలబెట్టారు, నేనైతే తప్పు పట్టను.

శ్రీసిటీ_షిఫ్ట్:
బాబాయ్, మీరు చెప్పింది లెక్క. నేను చెప్పింది వేరే.

నిర్వాహకుడు:
ట్యాంకుల చర్చ ఇక్కడితో ఆపుదాం. కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి.

పాత_పోస్టుకార్డు:
ఊరు తగ్గిపోతోందన్నారు కాబట్టి ఒక మంచి మాట. 1995 నుంచి ఎవరో ఏటా పది లక్షల మార్కులు ఊరికి పంపేవారు, పాత భవనాలు బాగుచేయమని. యూరోలు వచ్చాక 5,11,500. ఒకే షరతు: తన పేరు బయటికి రాకూడదు, కూపీ లాగకూడదు. 2016 దాకా డబ్బు వస్తూనే ఉంది. ఊరు కూడా మాట నిలబెట్టుకుంది. ఇవాళ సినిమా వాళ్లు షూటింగులకి ఎగబడేది ఆ బాగుచేసిన వీధుల కోసమే. 1913లో కట్టిన పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ లోపలి భాగమైతే ఒక హాలీవుడ్ సినిమాకి హోటల్ అయిపోయింది.

కాకినాడ_కాజా:
మన దగ్గర అయితే ఫ్యాను ఇచ్చినా రెక్క మీద పేరు రాయించుకుంటారు.

మూడో_బెర్త్:
😂😂

రమ్య_బెర్లిన్:
కొత్త సభ్యురాలిని. బెర్లిన్‌లో మా ఇంటి దగ్గర గోర్లిట్సర్ పార్క్ అని ఉంది. రోజూ బాబుని తోపుడు బండిలో వేసుకుని తిప్పేది అక్కడే. దానికీ ఈ ఊరికీ సంబంధం ఉందా?

డీజిల్_బాబాయ్:
ఉందమ్మా. నువ్వు తిరిగేది ఒకప్పటి రైల్వే స్టేషన్ మీదే. 1867 ఆఖరుకి బెర్లిన్ నుంచి కోట్‌బుస్ మీదుగా గోర్లిట్స్ దాకా లైను పూర్తయింది. స్ట్రౌస్‌బెర్గ్ అనే కాంట్రాక్టరు వేయించాడు. ఆ కాలంలో ఆయన్ని రైల్వే రాజు అనేవాళ్లు, తర్వాత దివాలా తీశాడు, అది వేరే కథ. ఆ లైనుకి బెర్లిన్‌లో ఉన్న స్టేషనే గోర్లిట్సర్ బాన్‌హోఫ్. బెర్లిన్ రెండు ముక్కలయ్యాక స్టేషన్ పశ్చిమంలో, లైను తూర్పులో ఉండిపోయాయి. 1951లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. తర్వాత భవనం కూల్చి పార్కు చేశారు. పార్కు అంత పొడుగ్గా సన్నగా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా?

రమ్య_బెర్లిన్:
అయ్యో, అది యార్డా! మరి ఇప్పుడు బెర్లిన్ నుంచి గోర్లిట్స్‌కి ఎలా వెళ్లాలి బాబాయ్ గారూ? చిన్న పిల్లాడితో ఒక్క రోజులో తిరిగి రాగలమా?

సిట్టావ్_స్టూడెంట్:
అక్కా, కోట్‌బుస్‌లో మారండి. అక్కడి నుంచి గోర్లిట్స్ మీదుగా సిట్టావ్ వెళ్లే ఆర్‌బీ 65 బండి ఉంటుంది. ఒక్క రోజులో అవుతుంది, పొద్దున్నే బయలుదేరండి. స్టేషన్ హాలు దిగగానే చూడండి, 1910ల నాటి పైకప్పు, రంగులు, గడియారం. తోపుడు బండి ఉంటే పాత ఊరి రాళ్ల వీధుల్లో కష్టం, ట్రామ్ ఎక్కండి. 1882లో గుర్రాలతో మొదలై 1897 నుంచి కరెంటుతో నడుస్తోంది, మీటర్ గేజ్. 1945 ముందు నది దాటి అవతలికి కూడా వెళ్లేది, ఇప్పుడు ఇవతలే తిరుగుతుంది.

మధ్యాహ్నం పాత ఊరి వంతెన మీద నడిచి పోలండ్ వైపు భోంచేయండి, చవక. ఆ వంతెన కూడా 1945లో కూల్చిందే, మళ్లీ కట్టి 2004లో తెరిచారు. వయాడక్ట్ కోసం మాత్రం నది వెంట దక్షిణంగా పార్కు వైపు రండి. బాబాయ్ చెప్పిన రేఖాంశం రాయి ఆ దారిలోనే. బండి దాటేటప్పుడు ఫొటో కావాలంటే ముందే టైమ్ టేబుల్ చూసుకుని నిలబడండి, గంటలో పది బండ్లు వచ్చే లైను కాదది.

పట్టాల_పిచ్చి:
@రమ్య_బెర్లిన్ వీలైతే జ్గోజెలెట్స్ స్టేషన్ దాకా వెళ్లి ప్లాట్‌ఫాం కొస నుంచి గోర్లిట్స్ వైపు ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పోలండ్ తీగ సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో చూడాలని ఉంది.

రమ్య_బెర్లిన్:
తప్పకుండా. బాబు నిద్రపోతే జూమ్ చేసి మరీ తీస్తా.